జ్ఞానతండ్రి బిగించిన పెట్టె
(పన్నెండో వారం)

కిందటి వారం మనం జెజ్రీల్‌ని కిక్కిరిసిన జీప్నీ బండిలో వదిలేశాం. ఒళ్ళో కాగితాల కవరు, పక్కన తండ్రి క్రిసాంతో, ఇంకో రెండు మలుపులు తిరిగితే కంప్యూటరు షాపుల గిల్మోర్ వీధి. మూడు నెలల పాటు ఆ వీధిలో ఆ పిల్ల ఎక్కని షాపు లేదు, అడగని ధర లేదు. ప్రాసెసర్ ఏది, మెమరీ ఎంత, బొమ్మని నడిపే గ్రాఫిక్స్ కార్డు ఏది, పవర్ సప్లై ఎవరిది, అన్నీ కాగితాల మీద రాయించుకుని, ఒకటి కొట్టేసి ఇంకొకటి రాసుకుని, చివరికి ఒక్క జాబితా తేల్చుకుంది. ఇరవయ్యేళ్ళ జీవితంలో మొట్టమొదటి సొంత గేమింగ్ కంప్యూటరు ఇంటికి తెచ్చుకునే రోజు వచ్చింది.

అదే రోజు సాయంత్రం నాలుగింటికి హబగత్ జట్టు వాళ్ళ ఆఖరి పరీక్ష. అయిదుగురు ఆడపిల్లలు కలిసి కంప్యూటరు తెర మీద తుపాకులతో ఆడే ఆట అది. జట్టులో ఉన్నది ఒక్క చోటు, దానికి ముగ్గురు పోటీ. ఎవరింట్లో వాళ్ళు, ఎవరి సొంత కంప్యూటరు మీద వాళ్ళు ఆడాలి, అవతల కోచ్ జోర్జా చూస్తూ ఉంటుంది. జెజ్రీల్ అయిదేళ్ళుగా ఆడింది పిన్ని నడిపే నెట్ షాపులో, పెసో బిళ్ళ వేస్తే అయిదు నిమిషాలు వెలిగే డొక్కు మెషీన్ల మీద. ఆ డొక్కుల మీదే ఈ పోటీ దాకా వచ్చింది. కానీ ఆఖరి పరీక్షకి అవి పనికిరావని జట్టు వాళ్ళు ముందే చెప్పేశారు. మీ మెషీను మధ్యలో తడబడితే అది మీ ఖర్మ, రెండో అవకాశం ఉండదని కూడా చెప్పారు. గెలిస్తే ఎనిమిది నెలలు జకార్తాలో జట్టు ఇంట్లో ఉండాలి. ఓడిపోతే మళ్ళీ పిన్ని షాపులో బిళ్ళలు ఏరుకోవాలి. అంతే, మధ్యలో ఇంకో దారి లేదు.

జ్ఞానతండ్రి అర్సెనియో షాపుకి వీళ్ళు చేరేసరికి షట్టరు ఇంకా సగమే లేచింది. తండ్రీ కూతుళ్ళు వంగి లోపలికి దూరారు. అంత తొందరెందుకంటే, ఆ రోజు బోణీ బేరం తన జ్ఞానపుత్రికదే కావాలని అర్సెనియో పట్టుబట్టాడు. గిల్మోర్‌లో బోణీ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. మొదట గడప తొక్కినవాడు కొనకుండా పోయాడంటే ఆ రోజుకి ఇక ఈగలు తోలుకోవడమే. అందుకని షాపువాడు మొదటి బేరానికి ధర తగ్గించి ఇస్తాడు. కొనేవాడు ఇచ్చింది పుచ్చుకుని దణ్ణం పెట్టి పోతాడు. వంక పెట్టడు, పెట్టె విప్పి చూపించమనడు. బోణీ సరుకుని అనుమానించడమంటే పెళ్ళి పంక్తిలో కూచుని అన్నంలో రాళ్ళేరడమే.

పైగా అర్సెనియో పరాయివాడా? ఇరవయ్యేళ్ళ కిందట చర్చిలో పసిగుడ్డుగా ఉన్న జెజ్రీల్‌ని చేతుల్లోకి తీసుకుని జ్ఞానస్నానం చేయించినవాడు. ఆ రోజు నుంచీ అతనూ క్రిసాంతోవూ "బావా" అంటే "బావా" అనుకుంటున్నారు, ఆ పిల్ల అతన్ని మామయ్యా అంటుంది. క్రిస్మస్ వారం వచ్చిందంటే మాత్రం కానుక ఇవ్వాల్సి వస్తుందని ఈ మామయ్య ఊళ్ళో ఎవరికీ కనబడడు. దానికి అతన్నొక్కణ్ణీ అనడమెందుకు, జ్ఞానతండ్రులందరికీ ఉన్న జబ్బే అది.

జెజ్రీల్ పెద్దలకి దణ్ణం పెట్టే పద్ధతిలో అతని చేతిని తీసుకుని నుదుటికి ఆనించుకుంది. తలెత్తి చూసేసరికి కౌంటరు మీద కంప్యూటరు. పక్కన గాజు తలుపు, లోపల నీలం దీపాలు, నాలుగు ఫ్యాన్లూ తిరుగుతున్నాయి.

"చూడు తల్లీ, నీ పెళ్ళికొడుకుని ముస్తాబు చేసి పీటల మీద కూచోబెట్టాను," అన్నాడు అర్సెనియో.

ఆ పిల్ల గుండె ఒక్కసారి పొంగింది, ఆ వెంటనే కలుక్కుమంది. గిల్మోర్ మర్యాద ఏమిటంటే, కొనేవాడు బల్లకి ఇటు పక్క స్టూలు మీద కూచుంటాడు, కట్టేవాడు అటు పక్క కూచుంటాడు. ఒక్కో డబ్బా సీలు కొనేవాడి కళ్ళ ముందే తెగుతుంది. ఒక్కో మరా వాడు చూస్తుండగానే బిగుస్తుంది. ముక్కూ మొహం తెలియని వాడికి కూడా ఆ మర్యాద దక్కుతుంది. జెజ్రీల్ అయితే ఇంకో అడుగు ముందుకేసి, తన చేత్తోనే కట్టుకుంటానని నెల ముందే అడిగింది, అర్సెనియో సరేనన్నాడు. తీరా వచ్చి చూస్తే అన్నీ బిగించేసి ఉన్నాయి. ఖాళీ డబ్బాలు మాత్రం ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, జాబితాలో ఏముందో ఆ డబ్బాలన్నీ అక్కడే ఉన్నాయి. వంక పెట్టడానికి ఏమీ లేదు. మీకు శ్రమ ఇచ్చాను మామయ్యా అంది.

శ్రమేముంది, నాలుగింటికి నీకు ఆట ఉందని నాన్న చెప్పాడు, ఇక్కడ కూచుని కడితే ఆలస్యమవుతుందని నిన్ననే కట్టేశాను అన్నాడతను. ఆ మాట అంటున్నప్పుడు అతను తన కళ్ళలోకి చూడలేదని జెజ్రీల్‌కి అనిపించింది. ఛ, ఏం బుద్ధి నాది అని తనని తనే తిట్టుకుంది. వేడి వేడి పాందెసాల్ రొట్టెలు పొట్లంలో ఉన్నాయి, తినమన్నాడు. ఒకటి తుంచి నోట్లో వేసుకుంది.

డబ్బు చేతులు మారింది. అర్సెనియో ఆ నోట్లతో అరల్లో ఉన్న సరుకునంతా తట్టుకుంటూ వచ్చాడు, బోణీ పుణ్యమా అని మిగతావి కూడా అమ్ముడుపోవాలని. మౌసులని తట్టాడు, కీబోర్డులని తట్టాడు, గోడ మీదున్న బాలయేసు పటాన్ని కూడా తట్టాడు. క్రిసాంతో అప్పటికే పెట్టెని కట్టడానికి తాడు తీశాడు. ఎండెక్కకముందే వెళ్ళిపోదాం, జీప్నీల్లో చోటు దొరకదు అని తొందరపెట్టాడు. రోజూ ట్రైసికిల్ బండి తోలుతూ పది గంటలు ఎండలోనే గడిపే మనిషికి ఆ రోజు ఎండ భయం పట్టుకుంది.

ఆ క్షణంలో జెజ్రీల్ సరే అని ఉంటే ఈ కథ ఇంకో దారిన పోయేది. నోటి చివరిదాకా వచ్చిన సరే అనే మాటని మింగేసి, "ఒక్క పది నిమిషాలు ఆడి చూసుకుంటాను మామయ్యా," అంది.

అర్సెనియో చేతిలో నోట్లు అలాగే ఉన్నాయి. బోణీ సరుకుని, అదీ జ్ఞానతండ్రి చేతి సరుకుని, పరీక్షిస్తాననడం! క్రిసాంతో మొహం కందగడ్డ అయింది. మామయ్య చూసి పెట్టాడుగా, ఆయన మీద నమ్మకం లేదా అని కసిరాడు. నమ్మకం లేక కాదు, నాలుగింటికి ఏదైనా తేడా వస్తే అప్పుడు పరిగెత్తుకు రావడానికి టైముండదు, అందుకని అడుగుతున్నానంది ఆ పిల్ల. తల వంచుకునే అంది, కానీ స్టూలు లాక్కుని కూచుంది.

అర్సెనియో చేసేది లేక తెర తగిలించాడు. ఆట తెరుచుకుంది. గ్రాఫిక్స్ కార్డు పేరు అడిగితే కంప్యూటరు జాబితాలో ఉన్న పేరే చెప్పింది. ఖాళీ మైదానంలో నడుస్తున్నంతసేపూ బొమ్మ పాలమీగడలా జారింది. క్రిసాంతో హమ్మయ్య అని తాడు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడు జెజ్రీల్ పదిమంది బొమ్మ శత్రువులని పిలిచి, మధ్యలో పొగ బాంబు విసిరింది.

బొమ్మ తెగింది. ఆ మూల ఉన్న మనిషి ఈ మూలకి నడిచి రాలేదు, గెంతి వచ్చాడు. తను నొక్కిన గుండు అతను వెళ్ళిపోయాక పేలింది. సెకనుకి నూట నలభై నాలుగు బొమ్మలు రావాల్సిన చోట నలభై కూడా రావడం లేదు. మళ్ళీ ఆడింది, అదే తంతు. సెట్టింగులు తగ్గించి ఆడింది. కాస్త నయమనిపించి, పొగ లేవగానే మళ్ళీ చతికిలబడింది. అయిదేళ్ళు డొక్కు మెషీన్ల మీద ఆడిన చెయ్యి అది. ఆ బరువు, ఆ ఆలస్యం ఆ వేళ్ళకి పాత పరిచయం. పిన్ని షాపులో బిళ్ళ వేసినప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది.

అర్సెనియో దగ్గర కారణాలకి కరువు లేదు. కొత్త మెషీను, వేడెక్కాలన్నాడు. షాపులో కరెంటు సరిగ్గా రావడం లేదన్నాడు. నెట్ నెమ్మదిగా ఉందన్నాడు. ఇప్పుడు నెట్ లేకుండానే ఆడుతున్నాను మామయ్యా అని జెజ్రీల్ మెల్లిగా గుర్తు చేసింది. అతను నుదురు తుడుచుకున్నాడు. ఏసీ నడుస్తూనే ఉంది.

గిల్మోర్ వీధిలో ఒక సంగతి అందరికీ తెలుసు, ఎవరూ గట్టిగా అనరు. కంప్యూటరు పిచ్చి మాలోకం. నీ పేరేమిటని కార్డుని అడుగుతుంది, కార్డు ఏం చెబితే అది నమ్ముతుంది. అరిగిపోయిన పాత కార్డు లోపల కొత్త పేరు రాసి, పైన కొత్త ముసుగు తొడిగి అంటగట్టేవాళ్ళు దేశంలో కొల్లలు. పేరుని బట్టి దాన్ని పట్టుకోలేం. విప్పి చూడాలి.

"మామయ్యా, ఒకసారి తలుపు తీసి చూస్తాను."

"అక్కడ వారంటీ స్టిక్కరు ఉంది తల్లీ. అది చింపితే ఇంక నా చేతుల్లో ఏమీ ఉండదు."

గాజు తలుపు అంచున, మర మీదుగా, వేలెడంత తెల్ల స్టిక్కరు. సాధారణంగా ఆ స్టిక్కరు అన్నీ చూసుకున్నాక, కొనేవాడు తలూపాక అంటిస్తారు. ఇతను ముందే అంటించి పెట్టాడు. అప్పుడే షట్టరు కింద నుంచి ఒకాయన తల పెట్టి, కీబోర్డులు ఉన్నాయా అని అడిగాడు. ఇంకా తెరవలేదు పొమ్మన్నాడు అర్సెనియో. బోణీ అయిన పది నిమిషాలకి వచ్చిన గిరాకీని పొమ్మన్న షాపువాణ్ణి గిల్మోర్‌లో అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. జెజ్రీల్‌కి ఇంక అనుమానం మిగల్లేదు.

"జెజ్. చాలు, లే," అన్నాడు క్రిసాంతో. "నలుగురూ వినేలా ఆయన పరువు తీస్తావా? ఇంటికి పోయాక చూద్దాం."

ఆ పిల్లకి ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్టిక్కరు చింపితే, లోపల అంతా సవ్యంగా ఉంటే, జ్ఞానతండ్రిని దొంగ అన్నట్టే. ఇరవయ్యేళ్ళ బంధుత్వం ఆ పూటతో సరి. ఊళ్ళో తండ్రి తలెత్తుకోలేడు. చింపకుండా తీసుకుపోతే నాలుగింటికి కోచ్ ముందు బొమ్మ తెగుతుంది. గోడ గడియారం చూసింది. పదిన్నర. గోటితో స్టిక్కరు అంచు లేపి, ఒక్క లాగు లాగింది.

మర విప్పింది. గాజు తలుపు పక్కన పెట్టి, తల లోపలికి వంచి చూసింది. కార్డు మీది ముసుగు తన కార్డు ముసుగులాగే ఉంది, దాని రెండు ఫ్యాన్లూ అలాంటివే, పేరు కూడా అదే. కానీ కార్డుకి కరెంటు వచ్చే తీగ చివర ఆరే సూదులు. తను కొన్న కార్డుకి ఎనిమిది సూదుల తీగ కావాలి. ఆ తీగకి సరిపడే పవర్ సప్లై కోసం రెండు వారాలు తిరిగింది తను, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆరు సూదులతో బతికే కార్డు ఇంకేదో కార్డు, పదేళ్ళ కిందటిది.

"ఇది నా కార్డు కాదు," అంది.

ఆ పిల్లకి ఏడుపు వచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళుగా నోరెత్తని పిల్ల ఆ రోజు నోరెత్తింది. క్రిస్మస్‌కి కానుక ఇవ్వకపోయినా నేను ఏనాడూ ఏమీ అనుకోలేదు మామయ్యా, ఎదురింటి షాపువాడు ఇంకా తగ్గించి ఇస్తానన్నా మీ గడపే తొక్కాను, వీధిలో ఎవరు మోసం చేసినా మీరు చెయ్యరనుకున్నాను అంది. మాట మాటకీ గొంతు పైకి లేచింది. అర్సెనియో వానలో నిలబడ్డ గేదెలా నిలబడి అన్నీ పడ్డాడు.

"నాకు జ్ఞానస్నానం చేయించిన రోజున, తల్లీ తండ్రీ తప్పిపోయినా ఈ పిల్లకి నేను అండగా ఉంటానని దేవుడి ముందు మాటిచ్చారట కదా," అంది చివరికి. "ఇదేనా?"

ఆ దెబ్బ తగిలింది. అర్సెనియో జెజ్రీల్ వైపు చూడలేదు. ఆ పిల్ల భుజం మీదుగా వెనక ఉన్న క్రిసాంతో వైపు చూశాడు. తర్వాత కౌంటరు కింద సొరుగు లాగి, వెండి రంగు కవరు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. కవరు మీద పెన్నుతో జెజ్రీల్ అని రాసి ఉంది. లోపల కార్డు. ఎనిమిది సూదుల చోటు మెరుస్తోంది.

"నేను నీకు కొన్నది ఇదే తల్లీ. ఇందులో పెట్టింది కిందటేడు ఎవడో నాకే అంటగట్టిపోయిన నకిలీ. అమ్మడానికి మనసొప్పక అలాగే పడేసి ఉంచాను." కవరుని ముందుకి తోశాడు. "బావా, ఇంక నా వల్ల కాదు. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

జెజ్రీల్ వెనక్కి తిరిగింది. క్రిసాంతో చేతిలో తాడు ఉంది. దాన్ని వేలికి చుట్టుకుంటున్నాడు, విప్పుతున్నాడు. నాన్నా అని పిలిచింది. ఇంకోసారి పిలిచింది.

"మంగళవారం నేనే వచ్చి అడిగాను," అన్నాడు క్రిసాంతో. "ఆయన వద్దన్నాడు. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను."

"ఎందుకు?"

"ఓడిపోతావని." తాడు చుట్టడం ఆపాడు. "ఓడిపోతే ఏడుస్తావు. నాలుగు రోజులు ఏడుస్తావు. అయిదో రోజు అన్నం తింటావు. ఇంట్లోనే ఉంటావు."

తర్వాత అతను ఆగకుండా మాట్లాడాడు. పన్నెండు వారాలుగా మనం చూస్తున్న ఈ మనిషి ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు. భార్య రోవెనా కువైట్ వెళ్ళిన రోజు గురించి చెప్పాడు. రెండేళ్ళకని వెళ్ళింది మీ అమ్మ, అప్పుడు నీకు తొమ్మిదేళ్ళు, విమానాశ్రయం గాజు తలుపు అవతల నుంచి చెయ్యూపింది అన్నాడు. రెండేళ్ళు నాలుగయ్యాయి, నాలుగు పదకొండయ్యాయి. ఎవరి పిల్లలనో పెంచుతోంది అక్కడ. రోజూ ఫోన్లో మొహం కనబడుతుంది, గొంతు వినబడుతుంది. కానీ ఆవిడ చెయ్యి పట్టుకుంటే ఎలా ఉంటుందో తనకి గుర్తులేదన్నాడు. నువ్వూ ఎనిమిది నెలలంటున్నావు, ఎనిమిది నెలలు ఎన్నేళ్ళవుతాయో నాకు తెలుసు అన్నాడు. అర్సెనియో అటు తిరిగి అరల్లో మౌసులు సర్దడం మొదలుపెట్టాడు.

జెజ్రీల్‌కి తండ్రిని చూస్తే జాలేసింది. అంతే కోపమూ వచ్చింది. రెండూ నిజమే. లేచి వెళ్ళి అతన్ని పట్టుకుని ఏడవాలనిపించింది, ఆ తాడు లాక్కుని విసిరికొట్టాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

"ఇవాళ బొమ్మ తెగితే తప్పు మెషీనుదని నాకెలా తెలుస్తుంది నాన్నా?" అంది. "నా చేతకానితనం అనుకునేదాన్ని. పిన్ని షాపులో కూచుని, నాకంత సీను లేదని, బతికినంతకాలం అలాగే అనుకునేదాన్ని. అది చాలా నీకు?"

ఆ పిల్ల మళ్ళీ స్టూలు మీద కూచుంది. కంప్యూటరు ఆపి, తీగ పీకి, నకిలీ కార్డుని మర విప్పి బయటికి తీసింది. వెండి కవరులోంచి తన కార్డుని రెండు చేతులా తీసుకుంది. గాడిలో పెట్టి నొక్కితే టక్కున శబ్దం రావాలి. రాలేదు. పెట్టె లోపల చీకటి, కళ్ళలో నీళ్ళు, గాడి ఎక్కడుందో సరిగ్గా కనబడలేదు. రెండోసారి నొక్కింది, రాలేదు.

పక్క నుంచి వెలుతురు పడింది. క్రిసాంతో బల్ల మీదున్న జెజ్రీల్ ఫోనే తీసుకుని, లైటు వేసి, పెట్టె లోపలికి పట్టుకున్నాడు. జెజ్రీల్ వద్దనలేదు, తలెత్తి చూడనూ లేదు. కొంచెం ఎడమ వైపు అంది. అతను ఎడమ వైపు జరిపాడు. టక్కున శబ్దం వచ్చింది.

ఎనిమిది సూదుల తీగ తగిలించి మీట నొక్కింది. ఆట తెరుచుకుంది. పదిమందిని పిలిచింది, పొగ బాంబు విసిరింది. పొగలోంచి ఒక మనిషి నడుచుకుంటూ బయటికి వచ్చాడు. గెంతలేదు, నడిచాడు. జెజ్రీల్ వేలు కదిలింది, అతను పడిపోయాడు. రెండోవాడు పడ్డాడు, మూడోవాడు పడ్డాడు. అయిదేళ్ళలో మొదటిసారి తన వేలు ఎప్పుడు నొక్కితే గుండు అప్పుడే పేలింది. ఆ పిల్ల నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఇంత బాగా ఆడతానా నేను అని తనకే ఆశ్చర్యమేసింది. అర్సెనియో మౌసులు వదిలేసి వచ్చి వెనక నిలబడ్డాడు. పదోవాడు పడగానే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. ఇంకా పదకొండుంపావే అయింది, నా వ్యాను తీస్తాను, పన్నెండున్నరకల్లా ఇంట్లో దింపుతాను, తిని కాసేపు పడుకుని మరీ ఆడొచ్చు అన్నాడు. వ్యాను తాళాల కోసం గబగబా వెనక గదిలోకి వెళ్ళాడు.

క్రిసాంతో ఇంకా లైటు పట్టుకునే ఉన్నాడు. ఇక అవసరం లేదు నాన్నా, ఆపెయ్ అంది జెజ్రీల్. గొంతులో కోపం చాలా మట్టుకు తగ్గింది. అతను ఆపలేదు. తెర మీద కూతురు పడగొట్టిన పదిమందినీ చూస్తున్నాడు. ఆ పిల్ల ఎలా ఆడుతుందో అతను చూడడం అదే మొదటిసారి.

"జెజ్. ఇంకోటి ఉంది."

"ఏంటి?"

"పొద్దున నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు..." ఫోను ఆ పిల్ల చేతిలో పెట్టాడు. "అంతమంది ముందు నువ్వు ఓడిపోవడం నేను చూడలేననిపించింది. అసలు ఆడకపోతే ఓడినట్టు కాదు కదా అనుకున్నాను. నాలుగింటికి వాళ్ళు పిలవరు. పిలవలేదని వాళ్ళని తిట్టుకుంటావు, నిన్ను నువ్వు తిట్టుకోవు. అలా అనుకునే చేశాను."

"ఏం చేశావు నాన్నా?"

"మీ కోచ్‌కి రాశాను. నీ ఫోన్లోంచే, నువ్వు రాసినట్టే. జకార్తా రావడం నాకిష్టం లేదు, పరీక్షలో నా చోటు ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి అని. పంపించి, తర్వాత అన్నీ చెరిపేశాను."

జెజ్రీల్ ఫోను తెరిచింది. కోచ్ జోర్జా పేరు ఎక్కడుండాలో అక్కడ లేదు. నెల రోజుల మాటలన్నీ పోయాయి, ప్రశ్నలూ జవాబులూ అన్నీ. బయట జీప్నీ హారన్ మోగింది, వెనక గదిలో తాళాల గుత్తి గలగలలాడింది.

"ఆవిడ ఏమంది?"

క్రిసాంతో కూతురి మొహంలోకి చూడలేక బల్ల మీదున్న నకిలీ కార్డుని చూశాడు.

"సరే అంది," అన్నాడు. "వెంటనే అంది."